గాజు పలక మీద గంప

అక్క సిరిసిల్ల నుంచి ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాలలో మా ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ తెరుచుకుని కూర్చుని ఉన్నాను. నా భార్య పోయినప్పటి నుంచి వాటిని మూయడం మానేశాను. రాత్రి కూడా మూసేవాణ్ని కాదు. దోమలు వచ్చేవి. నిద్ర ఎలాగూ లేదు కనుక దోమల వల్ల కొత్తగా పోయేదేమీ లేదు.

“తమ్మీ, నీకు బడి లేదు గద. ఒకపారి వచ్చిపో” అంది అక్క. “మీ బావకు పగలు నిద్ర వడ్తలేదు. మొన్న సాంచె కాడ నిలవడే తూగిండట. నాడె ఎగిరొచ్చి కంటి పక్కన తాకింది. ఇంత ఇటైతే కన్నే పోతుండె.”

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. నాడె అంటే పేక దారాన్ని మోసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికే కర్ర. రెండు చివర్లా ఇనుప మొనలుంటాయి. నేసేవాడు చూపు తిప్పితే, పోగు తెగింది కనిపెట్టకపోతే, ఒక్కోసారి అది దారి తప్పి బయటికి ఎగురుతుంది. మా బావ ఇంకొకరి షెడ్డులో సాంచెలు నడిపేవాడు. ఇన్నేళ్లలో ఆయనకు నాడె తగలడం అదే మొదటిసారి.

అది తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న కాలం. నేను పనిచేసే కోరుట్ల బడి మూతపడింది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బొగ్గు గనుల్లో పని ఆగిపోయి కరెంటు కోతలు మొదలయ్యాయి. సాంచెలకు పగలు కరెంటు లేదు, రాత్రిపూట ఇస్తున్నారు. దాంతో బావ ఉండే వాడంతా రాత్రి నేసి పగలు పండుకోవలసి వచ్చింది. పగలేమో ఊరంతా ఊరేగింపులు.

“డాక్టరుకు చూపించిన్రా?” అన్నాను.

“చూపిచ్చినం. దెబ్బకేం గాలేదు, నిద్ర పొమ్మన్నడు. నిద్రకేమన్న గోలీ ఇయ్యిమంటే, గోలీ మత్తుల రాత్రి సాంచె కాడికి పోతవా అని కోపం జేసిండు.” మళ్లీ తనే, “గదిల చీకటి ఎట్ల జెయ్యాల్నో నీకైతే తెలుస్తది” అంది.

ఎందుకు తెలుస్తుందో ఇద్దరికీ తెలుసు కనుక ఆ మాట అక్కడే ఆపింది.

నా భార్యకు తలలో గడ్డ. చివరి నెలల్లో వెలుతురు ఆమెకు నొప్పిగా ఉండేది. మొదట కిటికీకి దుప్పటి కట్టాను. ఆ తర్వాత అద్దాలకు వార్తాపత్రికలు అంటించాను. కాగితం మీద అచ్చు లేని చోటల్లా ఎండ తెల్లగా కనిపించేది. చివరికి కోరుట్లలో మా బడి దగ్గర బురఖాలు కుట్టే దర్జీని అడిగాను. ఆయన నల్లబట్ట రెండు పొరలు కలిపి, కిటికీ కన్నా అన్ని వైపులా మూరెడు ఎక్కువ ఉండేలా పరదా కుట్టి ఇచ్చాడు. దాన్ని కిటికీకి ఆనించి కడితే గాలి ఆగిపోయి గది ఉడికిపోయింది. గోడకు జానెడు ఎడంగా కర్ర మీద వేస్తే గాలి పక్కల నుంచి తిరిగి వచ్చింది, వెలుతురు తిరగలేకపోయింది. ఈ పని నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇదంతా అక్క చూసింది. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చి ఉంది.

ఆమె పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో కొందరు ఇంటి దీపం ఆరిపోయిందన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ చివర్లో ఆమె దీపం దగ్గరికి తేవద్దనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

పరదాను మడిచి అల్మారాలో పెట్టాను. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. సిరిసిల్ల బయలుదేరేటప్పుడు దాన్ని సంచిలో అడుగున పెట్టి పైన నా బట్టలు సర్దుకున్నాను. దాన్ని తీస్తానో లేదో నాకే తెలియదు.

బండి మీద పోతుంటే దారిలో ఒకచోట సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. బండ్లన్నీ ఆపేశారు. ఒకతను నా దగ్గరికి వచ్చి, “ఏడికి సారూ?” అన్నాడు. సిరిసిల్ల అన్నాను. “తిన్నోళ్లనే ఇడుస్తున్నం” అన్నాడు. నవ్వులాటకు అన్నాడనుకున్నాను గానీ నిజంగానే విడవలేదు. రోడ్డు మీద కూర్చుని విస్తట్లో అన్నం, పప్పుచారు తిన్నాను. రెండోసారి కూడా వడ్డించారు. కడుపు నిండా తినడం ఆమె పోయాక అదే మొదటిసారి అని బండి మళ్లీ ఎక్కాక తోచింది.

అక్కవాళ్లది పెంకుటిల్లు. ముందు వసారా, వెనక వంటిల్లు, మధ్యలో ఒకే పెద్ద గది. బావ ఆ గదిలో చాప మీద పండుకుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు గానీ నిద్రలో లేడు. కన్ను పక్కన దెబ్బ నల్లగా కమిలి ఉంది. కన్నుకూ దానికీ మధ్య ఒక వేలు పట్టేంత చోటు కూడా లేదు.

“వచ్చినవా బామ్మర్దీ” అన్నాడు కళ్లు తెరవకుండానే. “బడి బంద్ వెట్టి నాకు నిద్ర పాఠం చెప్పొచ్చినవా?”

ఆయనకు నిద్ర ఎందుకు పట్టడం లేదో గడపలో నిలబడగానే అర్థమైంది. అది వెలుతురు కోసం కట్టిన గది. బావ వాళ్ల నాయన ఆ గదిలో గుంట మగ్గం నేసేవాడు. చేతి మగ్గానికి పగటి వెలుతురు కావాలి. సన్నని పోగు తెగితే కనబడాలి. అందుకని వీధి వైపు పెద్ద కిటికీ పెట్టించాడు. సరిగ్గా మగ్గం ఉండే చోటికి పైన, పెంకుల మధ్య గాజు పలక బిగించాడు. మగ్గం పోయింది, గుంట పూడ్చేశారు. గాజు పలక మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నం ఎండ అందులోంచి నేరుగా దిగి గది నడుమ నేల మీద పడుతుంది. బావ తన చాపను ఎండ జరిగినకొద్దీ పక్కకు జరుపుకుంటూ పండుకునేవాడట. ఆయన ఓ కునుకు తీసేలోగా ఎండ మళ్లీ మొహం మీదికి వచ్చేది.

ఆ ఎండలో చేట ఒళ్లో పెట్టుకుని బావ వాళ్లమ్మ బీడీలు చేస్తూ కూర్చుని ఉంది. నాకు అత్త వరస. కంటిచూపు తగ్గింది. తునికాకు ఈనె ఎటు పోతుందో తెలియాలంటే ఆమెకు ఆ ఎండే ఆధారం. కొడుక్కి చీకటి కావాలి, తల్లికి వెలుతురు కావాలి, ఇద్దరికీ ఉన్నది ఒకటే గది.

మొదటి రోజు ఆమె జోలికి పోలేదు. కిటికీ పని చూద్దామనుకున్నాను. ఇంట్లో బట్ట ఏముందని అడిగితే అక్క ఒక చుట్ట తెచ్చింది. అప్పుడు బావ పనిచేసే షెడ్డులో ఉద్యమ జెండాల బట్ట నేస్తున్నారు. అందులో అంచు చెడిపోయినది ఇంటికి తెచ్చుకున్నాడు. గులాబీ రంగు. ఎందుకైనా మంచిదని దాన్ని మడతలు పెట్టి, ఎండ లోపలికి రాకముందే ఆగాలని కిటికీకి బయటి వైపు కట్టాను. లోపలికి వచ్చి చూస్తే గదంతా గులాబీ రంగు. బావ మొహం, గోడలు, నీళ్ల బిందె, అన్నీ.

“పెండ్లి పందిట్ల పండుకున్నట్టున్నది” అన్నాడు బావ. “బాజాలే తక్కువైనయ్.”

కాసేపటికి బాజాలూ వచ్చాయి. ఊరేగింపు ఒకటి డప్పులతో మా వీధిలోకి మళ్లింది. కిటికీకి ఆ రంగు బట్ట చూసి సరిగ్గా ఇంటి ముందు ఆగింది. ఇంటికే జెండా కట్టుకున్న మనిషెవరో చూడాలని వాళ్ల సరదా. “అన్నా, బయటికి రా! జై తెలంగాణ!” అని కేకలు. డప్పు ఆగడం లేదు. బావ లుంగీ ఎగ్గట్టుకుంటూ వసారాలోకి వచ్చి, “జై తెలంగాణ” అన్నాడు. ఆ గొంతులో నిద్ర తప్ప ఇంకేమీ లేదు.

“జెండా మస్తు గట్టినవన్నా!”

“నేను గట్టలే. మా బామ్మర్ది గట్టిండు. ఇగ పోండ్రి, పండుకోవాలె.”

“తెలంగాణ వచ్చినంక పండుకుందువు గనీ, రా అన్నా, చౌరస్తా దాక!”

“అప్పటిదాక సాంచె నా కోసం ఆగుతదారా?”

వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నమంతా వచ్చిన ప్రతి ఊరేగింపూ అక్కడ ఆగింది. సాయంత్రం బావ షెడ్డుకు పోతుంటే అక్క వీధి మలుపు దాకా ఆయన వెనకే నడిచి వచ్చింది. “నాడె ఎగిరితే తల దించు. మొకం పక్కకు వెట్టు” అని చెబుతోంది. ఆ మాట అంతకుముందు చాలాసార్లు చెప్పి ఉంటుంది. ఆయన ఊ కొడుతున్నాడు. తెల్లారి ఆయన రెండు కళ్లతో తిరిగి వచ్చేదాకా ఆమె కూడా పండుకోలేదు.

మర్నాడు జెండా బట్ట విప్పేశాను. గోడకూ పెంకులకూ మధ్య సందులుంటే తూర్పు వైపువి షెడ్డులోంచి తెచ్చిన వేస్టు నూలుతో కూరాను. ఉత్తరం వైపువి గాలి కోసం వదిలేశాను. తలుపు కింద పాత చీర మడిచి పెట్టాను. ఇక గాజు పలక మిగిలింది. నిచ్చెన తెచ్చి గోడకు ఆనించగానే అత్త చేట పక్కన పెట్టి లేచింది.

“ఏం జేస్తున్నవయ్యా?”

“అద్దం మీద గోనె సంచి కప్పుదామని, అత్తా.”

“కప్పితె నా బీడీలు యాడ జెయ్యాలె?”

అక్క వంటింట్లోంచి, “వసారల కూసుండి చెయ్యరాదు అత్తమ్మా, పగలే గద” అంది.

“వసారల గాలికి తంబాకు ఎగిరిపోతది. నీకేమెర్క? అది మా ముసలాయిన పెట్టిచ్చిన అద్దం. ఎన్నేండ్ల సంది ఉన్నదది. పట్టపగలు ఇంట్ల చీకటి జేస్తరా ఎవలన్న? ఇదేమన్న సచ్చినోళ్ల ఇల్లా?”

ఆ మాట అన్నాక ఆమె నా మొహం చూసింది. నేను నిచ్చెన దింపేశాను. నాకు కోపం రాలేదు. మా ఇంట్లో పట్టపగలు చీకటి చేసిన మాట నిజమే. ఆ తర్వాత జరిగిందీ నిజమే. ఈ ఇంట్లో కూడా నా చేత్తో అదే పని చేస్తే, అనే భయం నాలోనూ ఉంది. పరదా సంచిలోంచి బయటికి రాకపోవడానికి అదీ ఒక కారణం.

ఆ రోజు బావ నిద్రపోలేదు. అన్నం తింటూ తూగాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది, తల వాలిపోయింది. అక్క లేచి ఆయన చేయి పట్టుకుంటే ఉలిక్కిపడి, “పోగు తెగిందా?” అన్నాడు. అత్త ఎదురుగా కూర్చుని ఇదంతా చూసింది.

మూడో రోజు పొద్దున ఇక నేను సంచి తెరిచి పరదా తీశాను. నులక మంచం మీద పరుస్తుంటే అత్త వచ్చి చేత్తో తడిమింది. పొరలు వేళ్ల మధ్య పెట్టి చూసింది.

“గట్టిగున్నది. యాడ కుట్టిచ్చినవయ్యా?”

“కోరుట్లల, అత్తా. మా ఆమెకు కుట్టించిన.”

ఆమె చేయి పరదా మీదే ఉండిపోయింది. వద్దంటుందనుకున్నాను. అన్నా తప్పు పట్టేవాణ్ని కాదు. ఆమె దాన్ని మడిచి చంకన పెట్టుకుని బయటికి నడిచింది. నేనూ అక్కా వెనకాల పోయాం. దండెం మీద ఎండలో వేసి, కర్రతో దులిపి, అటు తిప్పి ఇటు తిప్పి ఆరేసింది. తర్వాత వంటింట్లోకి పోయి చిటికెడు పసుపు నీళ్లతో తడిపి తెచ్చి, ఒక మూలకు రాసింది. కొత్త బట్ట కట్టుకునే ముందు మా ఇళ్లల్లో అలాగే రాస్తారు.

“ఇగ ఇది కొత్తదే” అంది. “కట్టుకో పో.”

నేను కిటికీ దగ్గర కర్ర బిగిస్తుంటే ఆమె అటక మీది నుంచి ఒక వెదురు గంప దింపింది. ఒకప్పుడు వడ్లు పోసుకోవడానికి లోపలా బయటా పేడతో అలికిన గంప. అలుకు ఎండి గట్టిపడింది గానీ ఎక్కడా రాలలేదు. “గోనె సంచి గాలికి జారిపోతది. దీన్ని బోర్లియ్యి” అంది. “పొద్దుమూకినంక తీసెయ్యాలె మల్ల. మూసే ఉంచద్దు.”

తీసేస్తానని మాట ఇచ్చాను. బయట నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కి గంపను గాజు పలక మీద బోర్లించాను. ఎగిరిపోకుండా తాడు కట్టి ఆ కొసను కిందికి వదిలాను. తాడు విప్పి లాగితే గంప పక్కకు జరిగేలా ఏర్పాటు. ఎండ పలకను తాకకముందే ఆగిపోయింది కనుక గదిలో వేడి కూడా తగ్గింది. నల్ల పరదా ఒక్కటే అయితే అది కుదిరేది కాదు.

ఇక బీడీల సంగతి. పక్కింటివాళ్లు ఉర్దూ మాట్లాడే ముస్లింలు. వాళ్ల వసారాకు చుట్టూ తడికలున్నాయి. గాలి కొట్టదు, వెలుతురుకు లోటు లేదు. ఆ ఇంటి ఇల్లాలు కూడా బీడీలు చేస్తుంది. గోడ మీది నుంచి మా తతంగమంతా చూస్తూనే ఉంది.

“రా అమ్మా, మా దగ్గర జాగ ఉన్నది కద!” అని పిలిచింది. “ఒక్కదానివే కూసుండి చేసి చేసి నీకు మనుషులతోని మాట్లాడే ఆదత్ పోయింది.”

“నీతోని మాట్లాడితె నా బీడీలైతయా?” అంది అత్త. చేట పట్టుకుని వెళ్లింది మాత్రం. ఎప్పుడూ లేనిది ఇంకొకరి ఇంట్లో కూర్చోవడం ఏమిటని దారి పొడుగునా గొణిగింది. ఆ తర్వాత అక్క అన్నానికి పిలిస్తే రాలేదు. గోడ అవతలి నుంచి నవ్వులు వినిపించాయి. ఎవరి గురించో గానీ ఇద్దరూ కలిసి గట్టిగానే నవ్వుకుంటున్నారు.

గదిలో బావ చాప మీద వాలాడు. “బామ్మర్దీ, నా చెయ్యి నాకే కనవడ్తలేదు” అన్నాడు. కాసేపటికి గురక మొదలైంది. అక్క తలుపు బయట నిలబడి వింటోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

“ఎన్ని రోజులైందిరా ఈ గురక ఇని” అంది గుసగుసగా. “ఒకప్పుడు దీనికే కొట్లాడేదాన్ని.”

ఒక పని మిగిలింది. గది ఎంత చీకటైందో నిలబడి చూస్తే తెలియదు. పండుకునేవాడి పక్కన పండుకుని, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఆగాలి. అప్పుడు ఎక్కడెక్కడ వెలుతురు కారుతోందో ఒక్కటొక్కటిగా బయటపడుతుంది. జగిత్యాలలో కూడా అలాగే చేసేవాణ్ని. ఆమె పక్కన పండుకుని వెతికేవాణ్ని. ఏదైనా చుక్క కనిపిస్తే లేచి మూసేవాణ్ని. మళ్లీ పండుకునేవాణ్ని. “ఇగ చాలు, పండుకో” అనేది ఆమె. నేను వినేవాణ్ని కాదు.

బావ పక్కన నేల మీద వెల్లకిలా పండుకున్నాను. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత తలుపు కింద మసకగా ఒక గీత. అది పరవాలేదు. ఆ తర్వాత ఉత్తరపు సందులో కొంచెం. అది గాలి కోసం వదిలిందే. చివరికి గంప అంచు దగ్గర, అలుకు బీట పారిన చోట, ఒక చిన్న చుక్క కనిపించింది. దాన్ని మూయాలి. లేచి నిచ్చెన వేసుకోవాలి. మట్టి తడిపి పెట్టినా చాలు. బావ గురక ఒకే తీరున వినబడుతోంది. గోడ అవతల ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏమంటున్నారో తెలియడం లేదు. లేద్దాం, ఇంకాసేపు చూసి లేద్దాం అనుకుంటున్నాను.

మెలకువ వచ్చేసరికి వీధంతా సాంచెల చప్పుడు. కరెంటు వచ్చింది. పక్కన చాప ఖాళీగా ఉంది. నా తల కింద ఎవరో దిండు పెట్టారు. ఎక్కడున్నానో తెలియడానికి కొంత సమయం పట్టింది. పైన గంప పక్కకు జరిగి ఉంది. గాజు పలకలోంచి ఒకటి రెండు నక్షత్రాలు కనిపిస్తున్నాయి.

అత్త గడపలో నిలబడి ఉంది. “లెవ్వయ్యా” అంది. “అన్నం తిందువు. ఇగ బయట గూడ చీకటే.”

“బావ ఎప్పుడు పోయిండత్తా?”

“పొద్దుమూకంగనే పోయిండు. కండ్లు తెల్లగున్నయ్ వానియి ఇయ్యాల. మీ అక్క గూడ పండుకున్నది. నిన్ను లేపుదామంటె వాడు వద్దన్నడు.”

“ఏమని?”

“మా బామ్మర్దిని లేపకుండ్రి, గదిల వెలుతురేమన్న ఉన్నదా అని చూస్తుండు అన్నడు.”